తుప్పు పట్టడమే దాని ఉద్యోగం: ట్రైలర్ గీజర్‌లో ఒక కడ్డీ కథ

ముందు నా చేతిలో ఉన్నది చూడండి. జానెడు పొడవున్న ఇనుప తీగ. ఒక చివర పెద్ద బోల్టు తల, రెండో చివర తుప్పు. పాత సామాన్లవాడికి ఇస్తే ఉల్లిపాయ కూడా రాదు. కానీ ఇది కొత్తగా ఉన్నప్పుడు నా బొటనవేలంత లావుండేది. మిగతా లోహమంతా ఏమైంది? నీళ్లు తినేశాయి. తినేయాలనే దాన్ని అక్కడ పెట్టారు. ఈ ఎపిసోడ్ అంతా ఈ తీగ గురించే.

ఇది నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెప్తాను. మూడేళ్ల కిందట, నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నప్పుడు, ఆన్‌సైట్ అని నన్ను ఎనిమిది నెలలు డాలస్ పంపారు. మా అక్కావాళ్లు ఉండేది అక్కడే. బావకి అప్పుడే క్యాంపింగ్ పిచ్చి పట్టింది. ఎవరో పెద్దాయన దగ్గర పదేళ్లు వాడిన ట్రైలర్ ఒకటి కొన్నాడు. ట్రైలర్ అంటే లారీ వెనక ఉండేది కాదండోయ్. పికప్ బండి వెనక తగిలించుకుని వెళ్లే చిన్న ఇల్లు. మంచాలు, స్టవ్వు, బాత్రూము, షవరు అన్నీ ఉంటాయి. పొద్దున అక్క ఇడ్లీ పిండి డబ్బాతో సహా ఎక్కేసింది. లేక్ టెక్సోమా వెళ్లాం, టెక్సాస్‌కి ఓక్లహోమాకి సరిహద్దులో ఉంటుంది.

అక్టోబర్ రాత్రి. చలి మొదలైంది. పిల్లలకి స్నానం చేయిద్దామని అక్క వేడినీళ్ల కుళాయి తిప్పింది. టీ లాంటి నీళ్లొచ్చాయి. అదీ పాలు లేని టీ. దానికి తోడు కుళ్లిన కోడిగుడ్డు వాసన.

బావ నా వైపు చూసి, "ఏం బామ్మర్దీ, ఇంజనీర్‌వి కదా, చూడు" అన్నాడు. ఆయనా ఇంజనీరే. అది వేరే విషయం.

టార్చ్ పట్టుకుని బయటికెళ్లాను. ట్రైలర్ గోడకి బయటి వైపు ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. అది తీస్తే గీజర్ కనిపిస్తుంది. ఆరు గ్యాలన్ల ట్యాంకు, అంటే ఇరవై రెండు లీటర్ల పైన. కింద గ్యాస్ బర్నర్. అడుగున ఒక పెద్ద బోల్టు. మర్నాడు పొద్దున, అన్నీ ఆపి, చల్లారాక, పక్క క్యాంపు వాళ్ల దగ్గర పానా అడిగి తెచ్చి ఆ బోల్టు విప్పితే దాని వెనకే ఈ తీగ వచ్చింది. దాని వెనక ఎర్రటి బురద. ఆ పైన ఇంకో విషయం కూడా చూశాం. దాన్ని గుర్తుచేసుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తీగ చేతిలో పట్టుకోగానే నాకొక పేజీ గుర్తొచ్చింది. బీటెక్ ఫస్టియర్, ఇంజనీరింగ్ కెమిస్ట్రీ, కరోషన్ యూనిట్. "సాక్రిఫిషియల్ యానోడ్ పద్ధతిని పటం సాయంతో వివరింపుము." మీలో బీటెక్ చేసినవాళ్లు ఈ ప్రశ్న రాసే ఉంటారు. నేను కూడా రాశాను. భూమిలో పైపు, దానికొక వైరు, వైరు చివర మెగ్నీషియం దిమ్మ. స్కేలుతో గీతలు కొట్టి మరీ గీశాను, ఫుల్ మార్కులొచ్చాయి. కానీ ఆ బొమ్మ మా ఇంటి బాత్రూములో గోడకి వేలాడుతోందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సరే, కథలోకి వద్దాం. గీజర్ కథ కాబట్టి బాత్రూములో మొదలవుతుంది అనుకుంటున్నారా? కాదు. సముద్రంలో మొదలవుతుంది.

1761. బ్రిటిష్ నేవీకి ఒక తలనొప్పి ఉంది. చెక్క ఓడల అడుగు భాగాన్ని ఉష్ణదేశపు సముద్రాల్లో ఒకరకం పురుగు తొలిచేస్తోంది. పైగా నాచు, గుల్లలు పట్టి ఓడ వేగం చచ్చిపోతోంది. అందుకని అలార్మ్ అనే యుద్ధనౌక అడుగంతా పల్చటి రాగి రేకులు తాపడం చేసి వెస్టిండీస్ వైపు పంపారు. కొన్నాళ్లకి తిరిగొచ్చింది. చూస్తే రాగి భేషుగ్గా ఉంది, పురుగు లేదు, గుల్లల్లేవు. కానీ రాగిని బిగించిన ఇనుప మేకులు? చాలా చోట్ల మేకు ఉండాల్సిన చోట తుప్పు ముద్ద మిగిలింది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. అన్ని మేకులూ పోలేదు. కొన్ని కొత్తవాటిలా ఉన్నాయి. ఎందుకా అని చూస్తే, రాగి రేకులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు చుట్టిన గోధుమరంగు కాగితాన్ని కొన్నిచోట్ల పనివాళ్లు తీయకుండానే మేకులు కొట్టేశారు. కాగితం అడ్డున్న చోట ఇనుము బతికింది. రాగి నేరుగా తగిలిన చోట చచ్చింది. అంటే ఎవరిదో బద్ధకం సైన్స్ ప్రయోగమైపోయింది. ఇనుమూ రాగీ ఉప్పునీళ్లలో ఒకదానికొకటి తగలకూడదని నేవీకి అర్థమైంది. ఎందుకు తగలకూడదో మాత్రం ఎవరికీ తెలియదు. గాల్వనీ కప్ప కాళ్లతో చేసిన ప్రయోగాలు అప్పటికింకా జరగలేదు. వోల్టా బ్యాటరీ రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, అది 1800లో.

మనకి ఇప్పుడు తెలుసు కాబట్టి సింపుల్‌గా చెప్తాను. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ నీళ్లలో ఉంటే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. అందులో ఒక లోహం కరుగుతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. ఎవరు కరగాలో ముందే రాసిపెట్టి ఉంది. రాగి పక్కన ఇనుము కరుగుతుంది. ఇనుము పక్కన జింకు కరుగుతుంది. మెగ్నీషియం అయితే వీళ్లందరికంటే ముందు లైన్లో నిలబడి నేను కరుగుతా అంటుంది.

ఇప్పుడు మన హీరో వస్తాడు. హంఫ్రీ డేవీ. కార్న్‌వాల్‌లో కొయ్యచెక్కే పనివాడి కొడుకు. యూనివర్సిటీ మొహం చూడలేదు, ఒక వైద్యుడి దగ్గర శిష్యరికంతో మొదలుపెట్టాడు. అలాంటివాడు బ్యాటరీ కరెంటుతో 1807లో సోడియం, పొటాషియం విడదీశాడు. మరుసటి ఏడాది, 1808లో, కాల్షియం, ఇంకా మెగ్నీషియం. ఈ చివరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1815లో బొగ్గు గనుల్లో పేలని దీపం చేశాడు. 1820కల్లా రాయల్ సొసైటీకి అధ్యక్షుడు. ఊళ్లో కుర్రాడు ఇంటర్‌తో ఆపేసి ఐఐఎస్సీకి డైరెక్టర్ అయినట్టు అనుకోండి.

1823లో నేవీ వాళ్లు ఈయన దగ్గరికి వచ్చారు. ఓడల రాగి రేకులు ఉప్పునీటికి త్వరగా అరిగిపోతున్నాయి, ఖర్చు తడిసి మోపెడవుతోంది, ఏదైనా ఉపాయం చెప్పండి అని. డేవీ వెనక్కి ఆలోచించాడు. రాగి పక్కన ఇనుము కరిగిపోతోందని అందరూ దాన్ని సమస్యగా చూశారు కదా. ఇనుము కరుగుతుంటే రాగి క్షేమంగా ఉన్నట్టే కదా! మరి కావాలనే ఒక ఇనుప ముక్కో జింకు ముక్కో రాగికి తగిలిస్తే? బలి ఇవ్వడానికన్నమాట. 1824 జనవరిలో ఆ ఫలితాలు రాయల్ సొసైటీకి చదివి వినిపించాడు. రాగి విస్తీర్ణంలో వందో వంతు జింకు ఉన్నా చాలు, రాగి చెక్కుచెదరడం లేదు.

ఆ ఏడాదే సమరాంగ్ అనే యుద్ధనౌకకి ఇనుప దిమ్మలు తగిలించి అట్లాంటిక్ దాటించి నోవాస్కోషియా పంపారు. 1825 జనవరిలో తిరిగొచ్చింది. రాగి అలాగే ఉంది. డేవీ గెలిచాడు. నేవీ చకచకా మిగతా ఓడలకీ ఇవే బిగించడం మొదలుపెట్టింది.

తర్వాత ఏమైందో ఊహించండి. అప్‌డేట్ ప్రొడక్షన్‌లోకి వెళ్లాక శుక్రవారం సాయంత్రం ఏమవుతుందో, అదే అయింది. దిమ్మలు బిగించిన ఓడలు రేవులో నిలబడేసరికి అడుగంతా నాచు, గుల్లలు దట్టంగా పట్టేశాయి. ఎందుకంటే, రాగి ఓడని కాపాడేదే కొద్దికొద్దిగా కరుగుతూ. ఆ కరిగిన రాగి విషం లాంటిది, గుల్లల్ని దగ్గరికి రానివ్వదు. డేవీ రాగి కరగకుండా ఆపేశాడు. దాంతో విషం ఆగిపోయింది. రాగి బతికింది, ఓడ నడక పోయింది. 1825లోనే ఆ దిమ్మలు పీకేయమని ఆర్డర్ వచ్చింది. పత్రికలు ఆడుకున్నాయి. డేవీ ఆరోగ్యం అప్పటికే బాగోలేదు. 1827లో అధ్యక్ష పదవి వదిలేశాడు, 1829లో జెనీవాలో చనిపోయాడు, యాభై ఒకటో ఏడు నిండకుండా.

నా ఉద్దేశం చెప్పనా? ఆయన సైన్స్‌లో తప్పు లేదు. ఆయన్ని అడిగిన ప్రశ్నే సగం ప్రశ్న. రాగి అరగకూడదు అన్నారు, రాగి ఎందుకు అరుగుతుందో, ఆ అరగడం వల్ల ఏం లాభమో చెప్పలేదు. రిక్వైర్‌మెంట్ సగం ఇచ్చి డెవలపర్‌ని తిట్టే క్లయింట్లని నేను చూశాను కాబట్టి డేవీ మీద నాకు కొంచెం ఎక్కువ జాలి. ఈరోజు విశాఖలో డ్రైడాక్ ఎక్కిన ఏ ఉక్కు ఓడనైనా అడుగు నుంచి చూస్తే వరసగా లోహపు దిమ్మలు కనిపిస్తాయి. అవన్నీ డేవీ దిమ్మలే. ఉక్కుకి గుల్లల్ని చంపే పని లేదు, దానికి వేరే రంగు వేస్తారు. అందుకని ఇప్పుడు పనిచేస్తున్నాయి.

ఇక బాత్రూములోకి వద్దాం. మన ఊళ్లలో వేడినీళ్లంటే పెరట్లో పొయ్యి మీద కాగు, లేదంటే మధ్యలో నిప్పుల గొట్టం ఉండే రాగి బాయిలర్. మా నాయనమ్మ దాన్ని చింతపండుతో తోమేది. చిలుం పట్టనిచ్చేది కాదు. ఆ బాయిలర్‌కి పైన మూత తప్ప ప్రెషర్ లేదు, కాబట్టి పేలే సమస్యా లేదు. లండన్‌లో 1868లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాస్‌తో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం చేశాడు. దానికి గీజర్ అని పేరు పెట్టాడు. ఐస్‌లాండ్‌లో భూమిలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే ఊటని గేసిర్ అంటారు, అందులోంచి తీసుకున్నాడు. అమెరికా వాళ్లు ఆ మాట మర్చిపోయి వాటర్ హీటర్ అంటారు. మనం మాత్రం నరసరావుపేటలో కూడా గీజర్ అనే అంటాం. మాన్ యంత్రానికి పొగ బయటికి పోయే గొట్టమే లేదు. స్నానాల గదిలోనే గ్యాస్ మండేది. అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. 1889లో పిట్స్‌బర్గ్‌లో నార్వే నుంచి వచ్చిన ఎడ్విన్ రూడ్ అనే ఇంజనీర్, ట్యాంకు ఉండి, దానంతటదే ఆగి వెలిగే హీటర్ చేశాడు. ఇప్పుడు మనం వాడే వాటికి అదే తాత.

ట్యాంకు రాగానే పాత శత్రువు వచ్చేశాడు. వేడినీళ్లు, ఉక్కు, లోపల కరిగిన ఆక్సిజన్. ట్యాంకు కొన్నేళ్లకే చిల్లు. రాగితో చేస్తే ఖరీదు. దీనికి విరుగుడు బీరు నుంచి వచ్చింది, నిజంగా! మిల్వాకీలో ఏ.ఓ. స్మిత్ అనే కంపెనీ కార్లకి చట్రాలు చేసేది. అమెరికాలో మద్యనిషేధం 1933లో ఎత్తేశాక బీరు కంపెనీలకి పెద్ద ట్యాంకులు కావాల్సొచ్చాయి. ఉక్కు తగిలితే బీరు రుచి పోతుంది. అందుకని ఉక్కు లోపల గాజు పొర కరిగించి అతికించారు. అదే ఉపాయాన్ని 1936లో వాటర్ హీటర్‌కి పేటెంట్ చేశారు. ఉక్కు బలం, గాజు శుభ్రం.

కానీ గాజు గాజే. కొలిమిలో కాల్చేటప్పుడు ఎక్కడో సూదిమొన అంత చిల్లు మిగులుతుంది. అతుకుల దగ్గర పల్చబడుతుంది. ఆ సూదిమొన దగ్గర నీళ్లకి ఉక్కు దొరికిందంటే మొత్తం తుప్పు అక్కడే తవ్వుతుంది. అప్పుడు డేవీ గుర్తొచ్చాడు. ట్యాంకు మధ్యలో ఒక కడ్డీ వేలాడదీస్తే, సూదిమొన దగ్గర ఉక్కు కరగాల్సిన ప్రతిసారీ ఆ కడ్డీ కరుగుతుంది. దేంతో చేయాలి? జింకు కంటే ముందు లైన్లో ఎవరున్నారు? మెగ్నీషియం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం, బాంబుల కోసం మెగ్నీషియం తయారీ విపరీతంగా పెంచేశారు. డౌ కంపెనీ టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో 1941 జనవరిలో సముద్రపు నీళ్లలోంచే మెగ్నీషియం తీసింది. యుద్ధం అయ్యాక అంత లోహానికి కొత్త పని వెతకాల్సొచ్చింది. ఆ పనుల్లో ఇదొకటి.

ఒక్క నిమిషం ఆగి చూడండి. డేవీ ఓడలకి వాడింది ఇనుము, జింకు. వాటికంటే బాగా కరిగే మెగ్నీషియంని పదహారేళ్ల ముందు ఆయనే బయటికి తీశాడు. 1824లో అది ల్యాబ్‌లో చిటికెడు దొరికే వింత వస్తువు. ఇవాళ బావ ట్రైలర్‌లో నేను విప్పిన బోల్టుకి వేలాడేది, ఆయన లోహమూ ఆయన ఉపాయమూ కలిసి.

మరి ట్రైలర్‌లోకి ఇది ఎప్పుడు ఎక్కింది? మొదట్లో ట్రైలర్ వాళ్లకి వేడినీళ్లే లేవు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో టిన్ క్యాన్ టూరిస్టులు అని ఒక సంఘం పెట్టుకున్నారు. కార్లకి గుడారాలు కట్టుకుని తిరిగేవాళ్లు, డబ్బా తిండి తినేవాళ్లు, స్టవ్వు మీద గిన్నెలో నీళ్లు కాచుకునేవాళ్లు. యుద్ధం తర్వాత ఎల్‌పీజీ సిలిండర్లు ఇంటింటికీ వచ్చాక కథ మారింది. 1957లో ఎయిర్‌స్ట్రీమ్ అనే కంపెనీ, బయటి కరెంటు, నీళ్ల కనెక్షన్ లేకపోయినా బతకగలిగే ట్రైలర్ తెచ్చింది. ఆ తర్వాత షవర్ లేని ట్రైలర్‌ని అమ్మడం కష్టమైంది.

ఇంటి గీజర్‌కి, ట్రైలర్ గీజర్‌కి తేడా ఏంటంటే బతుకు. ఇంట్లోది గోడకి వేలాడుతూ రోజూ పనిచేస్తుంది. ట్రైలర్‌ది గుంతల్లో ఊగుతుంది, నాలుగు నెలలు ఖాళీగా కూర్చుంటుంది, ప్రతి ఊళ్లో కొత్త నీళ్లు తాగుతుంది. ఒకచోట బోరు నీళ్లు, ఒకచోట చెరువు నీళ్లు. చలికాలం ట్యాంకులో నీళ్లు వదిలేస్తే గడ్డకట్టి దాదాపు తొమ్మిది శాతం వ్యాకోచిస్తాయి. ట్యాంకు చీలిపోతుంది. అందుకే దీనికి సేవ ఎక్కువ కావాలి, ఎవరూ చేయరు.

ఇక్కడ ఒక తిరకాసు కూడా ఉంది. అమెరికా ట్రైలర్లలో చాలాకాలం రెండు కంపెనీల హీటర్లే ఎక్కువ. సబర్బన్ వాళ్లది ఉక్కు ట్యాంకు, లోపల పింగాణీ పొర, దానికి ఈ బలి కడ్డీ తప్పనిసరి. ఆట్‌వుడ్ వాళ్లది అల్యూమినియం ట్యాంకు, దానికి కడ్డీ అక్కర్లేదు, అడుగున ప్లాస్టిక్ బిరడా. బయటి నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి కడ్డీ పెట్టడం మర్చిపోతారు, రెండోదానికి పెట్టొద్దన్నా పెడతారు. బావది మొదటిరకం.

సరే, ఇందాక ఆపిన విషయం. ట్యాంకు పైభాగంలో ఒక చిన్న ఇత్తడి వాల్వ్ ఉంటుంది, పైన పిన్నులాంటి హ్యాండిల్. నీళ్లు 210 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 99 సెల్సియస్‌కి చేరినా, ప్రెషర్ 150 పీఎస్‌ఐ దాటినా అది తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. 150 అంటే మీ కారు టైరులో గాలికి నాలుగు రెట్ల పైనే. దీని తాత ఎవరో మీ వంటింట్లోనే ఉన్నాడు. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచివాడు ఎముకలు కూడా మెత్తబడేలా ఉడికించే మూతబిగించిన పాత్ర చేశాడు. పేలకుండా ఉండటానికి మూత మీద బరువు వేలాడే వాల్వ్ పెట్టాడు. మన కుక్కర్ వెయిట్ అదే.

బావ హీటర్‌లో ఆ వాల్వ్ నోటికి ఇత్తడి బిరడా బిగించి ఉంది. టెఫ్లాన్ టేప్ చుట్టి మరీ, గట్టిగా, పనితనంతో.

ఎవరు చేసి ఉంటారో తెలీదు, ఎందుకు చేశారో తెలుసు. ఆ వాల్వ్ కారి ఉంటుంది. ఇరవై రెండు లీటర్ల చల్లటి నీళ్లు బాగా వేడెక్కితే లీటరులో మూడో వంతు పైనే పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్లకి చోటు కావాలి కదా. మామూలుగా ట్యాంకు పైన కొంచెం గాలి ఉంటుంది, అది నొక్కుకుని చోటిస్తుంది. కాలక్రమంలో ఆ గాలి నీళ్లలో కరిగిపోతుంది. అప్పుడు వాల్వ్ చుక్కచుక్కగా కారుతుంది. అంటే తన పని తను చేస్తోంది. చూసినవాడికి మాత్రం అది లీకేజీ. కార్‌తోందా, మూసెయ్.

మా టీంలో ఒకతను ఉండేవాడు. ఎర్రర్ వస్తే ట్రై-క్యాచ్ పెట్టి మింగేసేవాడు. లాగ్ శుభ్రంగా ఉండేది. డేటా పోయేది.

నిజాయితీగా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, బిరడా పెట్టగానే పేలిపోదు. ముందు థర్మోస్టాట్ ఉంది, అది పోతే హై-లిమిట్ స్విచ్ ఉంది. ఆ రెండూ పోతేనే వాల్వ్ వంతు. కానీ ఆ రెండూ పదేళ్ల పాతవి, ఆ బర్నర్ పక్కనే కూర్చున్నవి. మూడోది నోరు నొక్కేశారు. ట్యాంకులో ప్రెషర్ వల్ల నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. ట్యాంకు చీలిన క్షణంలో మాత్రం ఆ ప్రెషర్ పోతుంది, నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే పదహారు వందల రెట్లు చోటు కావాలి. ఆ చోటు గోడల్ని పగలగొట్టుకుని తీసుకుంటుంది. ఆ హీటర్‌కి అవతలి వైపు పిల్లల మంచం. ముందు రోజు రాత్రి వాళ్లిద్దరూ అక్కడే పడుకున్నారు, హీటర్ వెలుగుతూనే ఉంది.

బావ ఆ బిరడా విప్పుతుంటే చెయ్యి వణికింది. "ఎన్ని ట్రిప్పులు తిప్పానురా దీన్ని" అన్నాడు. అక్కకి మాత్రం నీళ్లలో తుప్పు ఉందనే చెప్పాం. ఈ ఎపిసోడ్ చూశాక తెలుస్తుంది. సారీ అక్కా.

ఆ ట్యాంకు దక్కలేదు. కడ్డీ అయిపోయాక తుప్పు ఉక్కుని తినడం మొదలుపెట్టింది, అడుగున అతుకు దగ్గర చెమ్మ కనిపించింది. కొత్త హీటర్ వేయించాల్సొచ్చింది. దాని ఖరీదు పక్కన పెడితే కడ్డీ ఖరీదు లెక్కే కాదు.

కొత్తది వచ్చాక బావా నేనూ కూర్చుని మాన్యువల్ చదివాం. అందులోంచి పనికొచ్చేవి చెప్తాను, ట్రైలర్ ఉన్నవాళ్లు వినండి. బోల్టు విప్పే ముందు గ్యాస్, కరెంటు, నీళ్లు మూడూ ఆపాలి, బాగా చల్లారనివ్వాలి, లోపల ఒక వేడినీళ్ల కుళాయి తెరిచి ప్రెషర్ వదిలేయాలి. తొందరపడితే మరిగే నీళ్లు చేతి మీదకి వస్తాయి. సబర్బన్ బోల్టుకి అంగుళం మీద పదహారో వంతు సైజు సాకెట్ పానా కావాలి. కడ్డీ నాలుగింట మూడొంతులు అరిగితే మార్చాలని కంపెనీయే రాస్తుంది. బిగించేటప్పుడు టెఫ్లాన్ టేప్ చుట్టండి, కానీ వెర్రిబలం వాడకండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే పొడవాటి గొట్టంతో లోపల కడిగితే సున్నం, బురద బయటికొస్తాయి.

ట్యాంకు నిండకముందు హీటర్ వేయకూడదు. కరెంటు ఎలిమెంట్ నీళ్లు లేకుండా వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది. వేడినీళ్ల కుళాయిలో గాలి చప్పుడు ఆగి నీళ్లు నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. చలికాలానికి ముందు ట్యాంకు ఖాళీ చేసి, వెనక ఉండే బైపాస్ వాల్వులు తిప్పితే పైపుల్లో పోసే యాంటీఫ్రీజ్ ట్యాంకులోకి పోదు. లేదంటే అదొక్కటే ఆరు గ్యాలన్లు తాగుతుంది. వాల్వ్ కారుతుంటే హీటర్ ఆపి, చల్లార్చి, నీళ్లు బంద్ చేసి, వేడి కుళాయి, వాల్వ్ రెండూ తెరిచి నీళ్లు ఆగేదాకా వదిలితే పైన గాలి మళ్లీ చేరుతుంది. అప్పుడూ కారితే వాల్వ్ మార్చండి. మూయకండి.

ఆ కోడిగుడ్డు వాసన కూడా ఈ కడ్డీ వల్లే ఎక్కువవుతుంది. నీళ్లలో సల్ఫేటు ఉండి, నిలవ నీళ్లలో ఒకరకం బ్యాక్టీరియా చేరితే, మెగ్నీషియం కరుగుతున్నప్పుడు దానికి పండగ. క్లోరిన్ కలిపిన నీళ్లతో కడిగితే పోతుంది. చాలామంది వాసన పోవాలని కడ్డీనే తీసేస్తారు. వాసన పోతుంది. తర్వాత ట్యాంకు పోతుంది.

ఇండియా తిరిగొచ్చాక నరసరావుపేట వెళ్లి మా ఇంటి గీజర్ వైపు చూశాను. ఏడేళ్ల కిందట బిగించింది. బోరు నీళ్లు. ఒక్కసారీ విప్పలేదు. మెకానిక్‌ని పిలిచి లోపల యానోడ్ రాడ్ చూడాలి అంటే, "అది ఎవరూ మార్చరు సార్, నీళ్లు రాకపోతే కొత్తది కొంటారు" అన్నాడు. మనిషి మంచివాడే, బతిమాలితే విప్పాడు. కింది ప్లేటు తీయగానే బకెట్లో సున్నం పెచ్చులు జలజలా రాలాయి. ఎలిమెంట్ చుట్టూ బొగ్గు దిమ్మలా తెల్లటి పొర. కడ్డీ ఉండాల్సిన చోట మీరు ఇందాక చూసిన లాంటి తీగే.

"ఇన్నాళ్లూ బాగానే కాగాయి కదరా" అంది అమ్మ.

ట్యాంకు ఇంకా చిల్లుపడలేదు, అదృష్టం. గుంటూరు నుంచి కొత్త కడ్డీ తెప్పించాం. మెకానిక్ పాత తీగ నాకిచ్చేస్తూ, "దీంతో ఏం చేస్తారు సార్" అని అడిగాడు. వీడియో చేస్తానంటే నవ్వాడు. గీజర్ పక్కన మార్కర్‌తో తారీఖు రాసి వచ్చాను.

మొన్న బావ ఒక ఫోటో పంపాడు. ట్రైలర్ పక్కన కూర్చుని, చేతిలో సగం కరిగిన కడ్డీ పట్టుకుని ఉన్నాడు, వెనక పిల్లలిద్దరూ తుండ్లు చుట్టుకుని. కింద రాశాడు: "రెండోది. బాగా తింటోంది."

ఉంటాను ఫ్రెండ్స్. మీ గీజర్ ఎప్పుడు బిగించారో ఇంట్లో అడిగి కామెంట్‌లో ఏడాది రాయండి.